చుక్కలు పెట్టకుండా గీసిన మొహం

ఇప్పుడు నేను నవ్వితే కుడిపక్క పెదవి ఎడమదాని కంటే కాస్త ఆలస్యంగా కదులుతుంది. చెబితే తప్ప ఎవరూ కనిపెట్టలేరు. ఆలస్యంగానైనా వస్తోంది కాబట్టే కూర్చుని రాయగలుగుతున్నాను. రాని రోజుల్లో ఎవరైనా నా మొహం గురించి మంచిమాట చెప్పబోయినా నాకు ఒళ్ళు మండేది. ఇలాంటిది ఇంకెవరికైనా వస్తే ఏం చెయ్యకూడదో చెబుదామని కొంత, నా గుండె నేను చిక్కబట్టుకుందామని కొంత, ఇది రాస్తున్నాను.

మాది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. ఇంటికి తూర్పున రొయ్యల గుంటలు, పడమర మా వరి పొలం. సముద్రం కనపడదు గానీ గాలి మళ్ళినప్పుడు దాని మోత వినపడుతుంది. మా ఆయన వ్యవసాయం చేస్తాడు, అత్త మాతోనే ఉంటుంది. ఇక నా సంగతి. మా చుట్టుపక్కల ముగ్గంటే విజయే. పెళ్ళైనా, గృహప్రవేశమైనా ముందురోజే నాకు కబురొస్తుంది. చుక్కలు పెట్టుకుని, మెలికలు తిప్పుకుంటూ పోయి, ఎండ రాకముందే వాకిలి నింపేస్తాను. నడుమ నిలబడి చూస్తే ఈ పక్క ఎంతో ఆ పక్క అంతే ఉండాలి. ఒక్క మెలిక తేడా వచ్చినా నాకు అన్నం సయించదు. ఈ గొప్పలు ఎందుకు చెబుతున్నానంటే, జబ్బు వచ్చి సరిగ్గా అక్కడే కొట్టింది.

నవంబరు

ముసురు పట్టిన రోజులు. నెల్లూరు నుంచి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. చెవి వెనక కొంచెం నొప్పిగా ఉందనుకుంటూ పడుకున్నాను. పొద్దున లేచి నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తే కుడిపక్క నుంచి కారిపోయాయి. కాఫీ తాగితే జాకెట్టు మీద పడింది.

"అత్తా, ఈ గ్లాసు చిట్లిందేమో చూడు" అన్నాను.

అత్త గ్లాసు వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"ఏందిమే, మూతి అట్టా పెట్టినావు?"

"ఎట్టా పెట్టినాను?"

అత్త మా ఆయన్ని కేకేసింది. నేను లోపలికి పోయి అద్దం చూసుకున్నాను. ఎడమపక్క నా మొహమే. కుడిపక్క ఎవరో నిద్రపోతున్నట్టు జారిపోయి ఉంది, కన్ను మాత్రం తెరుచుకునే ఉంది. మూద్దామంటే మూతపడలేదు. పెదవి మొత్తం ఎడమకు గుంజుకుపోయింది. అద్దం ముందే కూలబడ్డాను.

కిటికీ గాలి కొట్టిందని ఒకరు, పక్షవాతమని ఒకరు. మా ఆయన కంగారుపడి, పసరు పోసే ఊరు ఒకటుందని ఎవరో చెబితే నన్ను అక్కడికి తీసుకుపోయాడు. పసరు తాగి, పథ్యం ఉండి, ఆ వారం అట్లా పోగొట్టుకున్నాం. ఎవరు చదువుతున్నా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మూతి వంకర పోతే, ఏ కారణమైనా సరే, ఆ పూటే పెద్దాసుపత్రికి పోవాలి. గాలో ధూళో వాళ్ళే తేలుస్తారు.

నెల్లూరులో డాక్టరు ఆడమనిషి. చూసి, "పక్షవాతం కాదమ్మా, మొహం నరానికి వాపు. ఇంకాస్త ముందు రావాల్సింది" అంది. చాలామందికి తిరిగి వస్తుందని, కొందరికి కొంత మిగిలిపోతుందని, కన్ను ఆరిపోకుండా మందు రాసుకుని రాత్రిపూట ప్లాస్టరు వేసి మూయాలని, రోజూ అద్దం ముందు కూర్చుని మొహానికి కసరత్తు చెయ్యాలని చెప్పింది. అన్నిటిలో నా చెవికెక్కింది మిగిలిపోతుందన్న మాటొక్కటే. ఇంటికొచ్చి అద్దం మీద తువ్వాలు కప్పేశాను.

పడుకోబోయే ముందు కంటికి ప్లాస్టరు వేసే పని మా ఆయనది. పార పట్టే చెయ్యి, ప్లాస్టరు ముక్క వేళ్ళకే అంటుకుపోయేది. ఊపిరి బిగబట్టి, రెప్పను చిటికెన వేలితో కిందికి దించి, అంచు అతికించేవాడు. "నొప్పి పుడతా ఉందా?" అని రోజూ అడిగేవాడు. లేదని రోజూ చెప్పేదాన్ని.

పగలు ఆ కంట్లో మందు రాసుకుంటే లోకమంతా మసక. ఎడమ కంటికి గుంటలు, గట్టు, కొబ్బరి మట్టలు విడివిడిగా కనిపించేవి. కుడి కంటికి అన్నీ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. రొయ్యలకు గాలి అందాలని గుంటల్లో తిరిగే చక్రాలు నీళ్ళు చిమ్ముతుంటే తెల్లటి పొగ లేస్తున్నట్టు ఉండేది. వసారాలో పడుకుని, ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను అరచేత్తో కప్పుకుని చూస్తూ పొద్దు గడిపేదాన్ని. ఏ కంటికి కనిపించేది నిజమో తేల్చుకోవాలని కూడా అనిపించేది కాదు.

ఒకరోజు తలుపు చాటునుంచి మా ఆయన మాట వినపడింది. నన్ను చూడవచ్చిన వాళ్ళతో, "మనుబోలులో వాళ్ళమ్మ కాడికి పోయింది, ఇప్పట్లో రాదు" అంటున్నాడు. వాళ్ళు పోయాక అడిగాను.

"నేను చెప్పమన్నానా అట్టా?"

"నువ్వు ఎవురికీ కనపడనంటివి గదా."

"కనపడనన్నా. లేనని చెప్పమన్లేదు."

ఆయన తల వంచుకుని మోటారు వెయ్యాలంటూ పొలానికి పోయాడు. నాకు కోపం ఆయన మీదో, తువ్వాలు కప్పిన అద్దం మీదో తెలియలేదు. ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు.

డిసెంబరు

ధనుర్మాసం వచ్చింది. నాది కావాల్సిన నెల. తెల్లవారుతుండగా వీధిలో చీపుళ్ళ చప్పుడు, కళ్ళాపి చల్లే చప్పుడు మంచంలోంచి వింటూ పడుకునేదాన్ని. అత్త నడుము పట్టుకుని వంగి, మా వాకిట్లో ఏదో నాలుగు గీతలు గీసి వచ్చేది. "ఈ ఏడు మనదే కళ తప్పింది" అని గొణుక్కునేది. నాకు వినపడాలని కాదు, అయినా వినపడేది.

ఆ నెల నుంచే నెల్లూరులో ఫిజియోథెరపీకి పోవడం. మొహానికి చిన్నగా కరెంటు పెడతారు. దానికంటే ముందు బయట గదిలో కూర్చోవడమే పెద్ద వైద్యం. నడుములు పట్టేసినవాళ్ళు, కాలు ఈడ్చేవాళ్ళు, అందరూ ఎదురెదురుగా బెంచీల మీద. నేను కొంగు మొహం మీదికి లాక్కుని మూలన కూర్చునేదాన్ని.

ఎదురుగా ఒక పెద్దాయన. తెల్ల గడ్డం, తలమీద టోపీ, ఒళ్ళో పరీక్షల అట్ట. నా వైపు చూడ్డం, వంగి గీయడం, మళ్ళీ చూడ్డం. మొదట ఓర్చుకున్నాను. మళ్ళీ చూశాడు. లేచి ఆయన దగ్గరికి పోయాను.

"నా బొమ్మ గీస్తా ఉండారా? ఈ మొహం బొమ్మ గీసి ఎవురికి చూపిద్దామని?"

గదిలో అందరూ మా వైపు తిరిగారు. ఆయన నింపాదిగా అట్ట నా వైపు తిప్పాడు. కాగితం మీద ఒక చెయ్యి ఉంది. మోకాలి మీద చూపుడువేలు చీర మడతల్లో ఏదో గీస్తోంది. గాజులు నావే. వేలు నాదే. నాకు తెలియకుండానే నేను మోకాలి మీద మెలికల ముగ్గు వేసుకుంటున్నానన్నమాట.

"మొహం మీరు కనపడనియ్యలేదు గదమ్మా. కనిపించింది గీసినా" అన్నాడు.

సిగ్గుపడి పక్కనే కూర్చున్నాను. ఆయన కరీం మాస్టారు, బడిలో డ్రాయింగ్ చెప్పి మానుకున్నాడు. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. ఆ బొమ్మ ఎడమ చేత్తో గీసింది. గీతలన్నీ వణికాయి, అయినా అది నా చెయ్యే. "ఇన్నేళ్ళూ ఈ చెయ్యి అన్నం కూడా కలపలేదు. ఇప్పుడు దీనికి ఓనమాలు దిద్దిస్తా ఉండా" అని ఎడమ చెయ్యి చూపించాడు. వేళ్ళకు పెన్సిలు మసి అంటి ఉంది.

"మీరూ గీయండమ్మా. ఈడ కూర్చుంటే పొద్దు పోవాల గదా" అని ఒక కాగితం ఇచ్చాడు. ఎదురుగా నీళ్ళ కూజా, దానిమీద బోర్లించిన గ్లాసు. నేను పెన్సిలు పట్టుకుని ముందు వరసగా చుక్కలు పెట్టాను. తర్వాత ఆ చుక్కలు కలుపుతూ కూజా గీశాను. చక్కటి కూజా, రెండు పక్కలా ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.

మాస్టారు చూసి నవ్వలేదు. "దీని మూతి ఎటు తిరిగి ఉంది?" అని అడిగాడు. చూశాను. కూజా మూతి ఒక పక్క చిట్లి, గ్లాసు ఎడమకు ఒరిగి ఉంది. నా బొమ్మలో చిట్లు లేదు, గ్లాసు నిటారుగా ఉంది.

"చుక్కలు పెట్టినాక ఇంక మీరు కూజా వైపు చూసిందే లేదమ్మా" అన్నాడు మాస్టారు.

జనవరి

పాత క్యాలెండరు కాగితాల వెనక గీయడం మొదలుపెట్టాను. చెంబు, కొడవలి, అత్త చెప్పులు. చుక్కలు పెట్టనని ఒట్టు పెట్టుకుని కూర్చునేదాన్ని. చెయ్యి ఊరుకునేది కాదు. ముగ్గులో చుక్క తోడుంటుంది, గీత ఎక్కడికి పోవాలో అదే చెబుతుంది. ఖాళీ కాగితం మీద ఎవరూ ఏమీ చెప్పరు, ఎదుట ఉన్నదాన్ని అడుగుతూ పోవాల్సిందే. చెంబు అంచు గుండ్రం అని నాకు తెలుసు. కానీ నేను కూర్చున్నచోటికి అది గుండ్రంగా కనిపించదు, నలిగిన గాజులాగా కనిపిస్తుంది. తెలిసింది పక్కన పెట్టి కనిపించింది గీయడానికి ఎన్ని చెంబులు పాడుచేశానో లెక్కలేదు.

"నీళ్ళు తాగే చెంబు బొమ్మెందుకుమే, కడుగు దాన్ని" అనేది అత్త.

మాస్టారు రెండు కిటుకులు చెప్పాడు. కళ్ళు సగం మూసి చూస్తే చిన్న చిన్న గీతలు పోయి, వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అన్నది తేలుతుందట. నాకు నవ్వొచ్చింది, వంకర నవ్వే. "నాకు మందు రాసిన కన్ను ఎప్పుడూ అట్టానే చూస్తా ఉండాది మాస్టారూ" అన్నాను. ఆయన ముచ్చటపడ్డాడు. "మేం నానా తంటాలు పడి నేర్చుకునేది మీకు ఆసుపత్రోళ్ళు ట్యూబులో ఇచ్చినారు" అన్నాడు. ఆ గదిలో నేను పైకి నవ్వడం అదే మొదలు.

రెండో కిటుకు, పెన్సిలు చెయ్యి చాపి పట్టుకుని, ఒక కన్ను మూసి, వస్తువు ఎత్తు కొలవడం. అది నావల్ల కాలేదు. నేను మూయగలిగింది ఎడమ కన్నే, అది మూస్తే మిగిలేది మసక కన్ను. ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో పెన్సిలు, కుడి కన్ను కప్పుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. పెన్సిలూ కరిగిపోయేది, కొలవాల్సిందీ కరిగిపోయేది. "కొలత తర్వాత. ముందు ఆ మసకనే గీయండి" అన్నాడు. పొద్దున్నే మంచులో రొయ్యల గుంటల్ని కుడి కంటితో చూసి పెన్సిలు మసి వేలితో రుద్దుతూ గీశాను. గీత ఒక్కటీ లేదు, అయినా చూస్తే గుంటలే. చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన వచ్చి చూసి, "ఇది మన తూరుపు గట్టు గదా" అన్నాడు. ఆ మాటకి నాకెంత సంతోషమైందో ఆయనకి తెలియదు.

ఫిబ్రవరి

బొమ్మలు కుదురుతున్నాయి గానీ మొహం కదల్లేదు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి బుగ్గ పట్టి చూసి, "అక్కా, ఇంట్లో అద్దం ముందు చేస్తున్నారా?" అని అడిగింది. చేస్తున్నానన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. "కోతల నాటికి కదలిక రాకపోతే, ఇంక ఉన్నది ఉన్నట్టే ఉండిపోవచ్చు అక్కా" అంది మెల్లగా.

బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి వచ్చాను. వచ్చాక మాస్టారుకి ఫోను చేశాను, ఎందుకు చేశానో నాకే తెలియదు. విషయమంతా చెప్పాను. అద్దం అంటే భయమని కూడా చెప్పాను, అప్పటిదాకా ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆయన, "మొహం చూసుకోబాకండి. కూజా చూసినారే, అట్టా చూడండి. గీయడానికి కూర్చోండి" అన్నాడు.

మర్నాడు తువ్వాలు తీశాను. గబగబా గీసేశాను, తల ఎత్తింది తక్కువ. అత్తకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని మురిసిపోయింది. "చక్కగా ఉండాది. మీ చెల్లెలేనా?"

కాగితం వెనక్కి లాక్కుని చూశాను. కాగితం మీద ఉన్న ఆడమనిషికి రెండు కళ్ళూ సమానం, పెదవి నడుమ నుంచి ఇటెంతో అటంతే. చుక్కలు పెట్టలేదనుకున్నాను. పెన్సిలుతో పెట్టలేదంతే. నా చెయ్యి నన్ను అడక్కుండా నా మొహాన్ని ముగ్గు చేసేసింది. ఆ బొమ్మను చించి పొయ్యిలో పెట్టాను.

మళ్ళీ కూర్చున్నాను. ఈసారి పెదవి చివర దగ్గర మొదలుపెట్టాను. ముక్కు అంచు నుంచి ఎంత కిందికి ఉంది, ఎడమదానికంటే ఎంత తగ్గింది, అంతే. బుగ్గ మీద మడత ఎడమవైపే ఉంది, కుడివైపు నున్నగా ఉంది. కుడి కంటి కింది రెప్ప కొంచెం వేలాడి, లోపలి ఎరుపు కనిపిస్తోంది. గీస్తుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే మొహం ఇంకెంత వంకర పోతుందో అద్దంలో కనిపించింది, దాన్నీ గీశాను. పూర్తయ్యాక చూస్తే అందంగా లేదు. కానీ అది నేనే. నవంబరు తర్వాత నన్ను నేను చూసుకోవడం అదే. ఎందుకో ఆ రోజు ఆకలేసి రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

తర్వాత రోజూ అద్దమే. పళ్ళు బిగించిన మొహం, బుగ్గలు పూరించిన మొహం, కనుబొమలు ఎత్తిన మొహం గీసేదాన్ని. గీయాలంటే అట్లాగే పట్టి ఉంచాలి కదా, కసరత్తు దానంతటది అయిపోయేది. మా అత్త వాకిట్లోంచి చూసి, "నీకు నువ్వే ఎక్కిరించుకుంటా ఉండావేందిమే" అనేది.

నెలాఖరున ఒకరోజు బొమ్మ తప్పు వచ్చింది. కుడి పెదవి చివర, ఉండాల్సినదానికంటే పైన పడింది. మళ్ళీ ముగ్గు బుద్ధి వచ్చిందని తిట్టుకుంటూ రబ్బరుతో చెరిపాను. అద్దం చూసి గీశాను, మళ్ళీ అక్కడే పడింది. మళ్ళీ చెరిపాను. కాగితం చిరుగు పట్టింది. అప్పుడు పెన్సిలు కింద పెట్టి, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా పోయి చూశాను. తప్పు కాగితంలో లేదు. పెదవి కదిలింది.

మార్చి

పైరు పండి కోతకొచ్చింది. పెదవి రోజుకింత వచ్చింది, బుగ్గ వచ్చింది. కన్ను రాలేదు. రాత్రి ప్లాస్టరు, పగలు మందు, మసక. కన్ను మిగిలిపోయే బాపతేనేమో అనుకున్నాను. మాస్టారుకి భుజం కాస్త లేస్తోంది, అయినా ఎడమ చెయ్యి మానలేదు. "పడవ గీయండమ్మా. కదిలేదాన్ని పట్టుకోవాలంటే కన్ను పరిగెత్తాల" అన్నాడు.

కోతలకి ముందు మా ఆయనే మోటారుసైకిల్ తీసి, "పద, మైపాడు పోదాం" అన్నాడు. కొంగు కప్పుకోకుండా వెనక కూర్చున్నాను. ఊరి చివర, అప్పుడు నన్ను చూడవచ్చి, మనుబోలు పోయానని విని తిరిగిపోయినవాళ్ళే ఎదురయ్యారు. మా ఆయన బండి ఆపి, "ఇంట్లోనే ఉండింది. బాగలేక కనపళ్ళేదు. నేనే అబద్ధం చెప్పినా" అన్నాడు. ఆ మనిషి నోటినుంచి అంత పొడుగు మాట రావడం నేను ఎప్పుడూ వినలేదు.

సముద్రం దగ్గర ఎండ మెత్తగా ఉంది. వలలు ఆరేసి ఉన్నాయి. ఒక పడవ ఇసకలో ఒరిగి ఉంది, దాని మీద జెండా కట్టిన వెదురు గడ నాటి ఉంది. నేను ఇసకలో కూర్చున్నాను. అలల మోత ఎటునుంచి వస్తోందో తెలియకుండా అన్నివైపులా ఉంది. పడవ పొట్ట గీశాను, ఒరిగిన అంచు గీశాను. గడ దగ్గర సందేహం వచ్చింది, పడవ పొడవుకి అదెంత ఎత్తు? చెయ్యి చాపి పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసి కొలిచాను. పడవలో సగం. కాగితం మీద సగానికి గుర్తు పెట్టుకున్నాను.

అప్పుడు ఆగిపోయాను. పెన్సిలు కొన స్పష్టంగా కనిపించింది. జెండా చిరుగు కూడా కనిపించింది. నేను చూసింది ఎడమ కంటితో. అయితే మూసింది?

మళ్ళీ చెయ్యి చాపాను. భయంభయంగా మూశాను. రెప్ప వణుకుతూ, నెమ్మదిగా దిగి, కిందిదాన్ని తాకింది. కుడిపక్క సముద్రం పోయింది.

"ఏమయ్యా, ఇట్టా రా" అన్నాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు కళ్ళూ మూశాను. ఆయన చిటికెన వేలు నా కుడి రెప్ప మీద ఆనింది, రోజూ ఆనించినట్టే. ఈసారి దించడానికేమీ లేదు. వేలు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ రాత్రి అలవాటుగా ప్లాస్టరు చుట్ట తెచ్చి, గుర్తొచ్చి నిలబడిపోయాడు. "దీన్నేం చెయ్యాల ఇంక?" అన్నాడు. నేను తీసుకుని నాలుగు ముక్కలు చించి, ఏడుస్తూ గీసుకున్న వంకర మొహం బొమ్మని అద్దం పక్కన గోడకి అతికించాను.

"బాగైంది గదా, ఇప్పుడు మంచిది గీసి పెట్టు" అంది అత్త.

"చూసి గీసింది ఇదే అత్తా" అన్నాను.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని బొమ్మనీ, నన్నూ, మళ్ళీ బొమ్మనీ చూసింది. తర్వాత నా కుడి బుగ్గ మీద చెయ్యి వేసి, "అవునుమే, నువ్వే" అంది.